కాన్వెంటు గోడకు రెండు వైపులా

మన భాషలోకి వచ్చి పుట్టిల్లు మరిచిపోయిన మాటల్లో "కాన్వెంటు" ఒకటి. దాని అసలు అర్థం మఠం. కాథలిక్ మఠకన్యలు నివసించే చోటు. కాని మన ఊళ్ళలో ఒక తల్లి "మా అమ్మాయిని కాన్వెంటులో వేశాం" అన్నప్పుడు ఆ బడిలో మఠకన్యలు ఉంటారని వినేవాళ్ళెవరూ అనుకోరు. మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని, పైన రేకుల షెడ్డు వేసి, ఏ దేవుడి పేరో పెట్టి, ఇంగ్లీషులో పాఠాలు చెబుతామని బోర్డు కట్టిన ప్రతి బడీ మనకు కాన్వెంటే. మెడకు టై, కాళ్ళకు బూట్లు, నోట నాలుగు ఇంగ్లీషు ముక్కలు, నెలకింత ఫీజు: ఈ నాలుగూ ఉంటే చాలు.

ఈ అర్థ పరిణామం భాషా శాస్త్రజ్ఞుల వినోదానికి మాత్రమే పనికొచ్చే విషయం కాదు. మఠకన్యలు ఈ దేశంలో శతాబ్దానికి పైగా నడిపిన ఆడపిల్లల చదువు నుంచి మన మధ్యతరగతి ఏమి తీసుకున్నదో, ఏమి వదిలేసిందో ఇందులో తెలుస్తుంది. అభ్యుదయవాదులమైన మనం కూడా ఆ అర్థాన్నే స్వీకరించాము. వారు దాన్ని మెచ్చుకుంటే మనం నిందించాము, అంతే తేడా. కాన్వెంటు అంటే ఇంగ్లీషు వ్యామోహం, దొరల కాలపు దర్జా, ధనికుల పిల్లలకు విడి గూడు అని తేల్చుకున్నాము. ఈ నిందలో నిజం ఉంది. కాని నిజం అంతా అందులో లేదు.

కలకత్తాలో సియాల్దా రైల్వే స్టేషనుకు దగ్గరలో లొరెటో డే స్కూలు అనే కాథలిక్ బాలికల పాఠశాల ఉంది. 1979 తరవాత అక్కడ జరిగిన విద్యా ప్రయోగం, మెచ్చేవారి వాదాన్నీ నిందించేవారి వాదాన్నీ కూడా ఇరకాటంలో పెడుతుంది. ఆ ప్రయోగంలో మనం గ్రహించవలసిందేమిటి, అది ఎక్కడ ఆగిపోయింది, ఆగిపోవడంలో మన బాధ్యత ఎంత అన్నదే ఈ వ్యాసంలో నా విచారణ.

ముందు కొంత చరిత్ర. లొరెటో మఠకన్యల పరంపరకు మూలపురుషుడు లేడు, మూలస్త్రీ ఉంది. మేరీ వార్డు 1585లో ఇంగ్లండులో పుట్టింది. అప్పటి ఇంగ్లండులో కాథలిక్కులు బహిరంగంగా ఆరాధన చేసుకునే వీలు లేదు. ఆమె సముద్రం దాటి వెళ్ళి, ఇవాళ ఫ్రాన్సులో ఉన్న సెంటోమేర్ పట్టణంలో 1609లో కొందరు స్త్రీలతో కలిసి ఒక సంఘం స్థాపించి, ఆడపిల్లలకు బడి పెట్టింది. జెసూట్ పురుషులు పని చేసే తీరులోనే స్త్రీలూ పని చేయవచ్చునని, మఠం గోడల మధ్య బందీలుగా ఉండనక్కరలేదని ఆమె వాదం. చర్చి పెద్దలు దీన్ని సహించలేదు. 1631లో ఎనిమిదవ అర్బన్ పోపు ఆ సంఘాన్ని రద్దు చేశాడు. ఆమెను మతద్రోహి అని మ్యూనిక్‌లో కొన్నాళ్ళు నిర్బంధించారు. ఆ సంఘం స్థాపకురాలు ఆమే అని చర్చి బాహాటంగా ఒప్పుకోవడానికి 1909 దాకా పట్టింది.

మత సంస్థ అనగానే ఆద్యంతమూ అభివృద్ధి నిరోధకమని తీర్పు చెప్పే మిత్రులు ఈ చరిత్రను గమనించాలి. ఆ సంస్థ లోపల కూడా ఘర్షణ ఉంది. అధికారానికీ అణగారినవారికీ మధ్య జరిగే పోరు మత భాషలో కూడా జరుగుతుంది. మన దేశంలో భక్తి ఉద్యమాల విషయంలో దీన్ని ఒప్పుకున్నవాళ్ళం, క్రైస్తవ సంస్థల విషయంలో మాత్రం ఎందుకు ఒప్పుకోము?

అయితే చరిత్ర అక్కడితో ఆగలేదు. ఐర్లండులో ఫ్రాన్సెస్ తెరీసా బాల్ 1820లలో స్థాపించిన శాఖ లొరెటో పేరుతో ప్రసిద్ధికెక్కింది. ఆ శాఖ నుంచి 12 మంది 1841 చివర కలకత్తా చేరారు. మిడిల్టన్ రోలో లొరెటో హౌసు వెలిసింది. వచ్చిన చోటు కంపెనీ రాజధాని. ఆ సమాజంలో నిలబడాలంటే ఆ సమాజపు మెట్లను ఒప్పుకోవాలి. ఫీజు కట్టగల కుటుంబాల ఆడపిల్లలకు సంగీతం, కుట్టుపని, మర్యాదలతో కూడిన చదువు ఒక చోట. అనాథలకూ పేదలకూ ధర్మ చదువు మరొక చోట. మఠం గోడను ధిక్కరించిన స్త్రీ వారసులు ఇక్కడ మరొక గోడ కట్టుకున్నారు. అది వర్గం గోడ. దానికి రెండు వైపులా చదువు ఉంది, దయ ఉంది, ప్రార్థన ఉంది. లేనిది ఒకటే: ఇటు పిల్లలు అటు పిల్లలను కలుసుకోవడం.

ఇది లొరెటో వారి ప్రత్యేక దోషం కాదు. మన తెలుగు దేశంలో నేను పెరిగిన ఊళ్ళో ఒక మఠం ఆవరణలోనే రెండు బడులు ఉండేవి. ఇంగ్లీషు బడికి ముందు గేటు, తెలుగు బడికి వెనక గేటు. ఇద్దరికీ పాఠం చెప్పే మఠకన్యలు ఒక్కచోటే భోజనం చేసేవారు; పిల్లలు మాత్రం ఒక్క కుళాయి దగ్గర నీళ్ళు తాగేవారు కారు. నేను వెనక గేటు పిల్లల్లో ఒకణ్ణి. వారి పట్ల నాకు కృతజ్ఞత ఉంది. కాని నాకు అక్షరాలతో పాటు ఆ గేటు కూడా నేర్పబడింది.

కలకత్తాలో ఈ గోడకు ఒక మఠకన్య ఇచ్చిన జవాబు లోకానికంతటికీ తెలుసు. ఎంటాలీలోని లొరెటో ఆవరణలో సెయింట్ మేరీస్ బడిలో పాఠాలు చెప్పుకుంటున్న ఆమె, 1948లో అనుమతి తెచ్చుకుని, గోడ దాటి మోతీఝీల్ మురికివాడలోకి నడిచింది. ఆమే మదర్ తెరెసా. 1979లో ఆమెకు నోబెల్ శాంతి బహుమానం వచ్చింది. ఆమె సేవను గురించీ, ఆమె భావాలను గురించీ మన పత్రికలు చాలా చర్చించాయి; ఆ చర్చలోకి ఇప్పుడు పోను. నాకు కావలసింది ఒకే విషయం. ఆమె గోడ దాటి వెళ్ళింది కాని గోడ మాత్రం అక్కడే ఉంది. లోపలి బడి లోపల యథావిధిగా నడిచింది.

అదే 1979లో సియాల్దా లొరెటోకు సిస్టర్ సిరిల్ మూనీ ప్రధానోపాధ్యాయురాలుగా వచ్చింది. ఐర్లండులో పుట్టి 1956లో భారతదేశానికి వచ్చిన మఠకన్య ఈమె. ఈమె చేసిన పని తెరెసా చేసిన దానికి తిరగవేసినట్టుంటుంది. తాను బయటికి పోలేదు; బయటివారిని లోపలికి తీసుకువచ్చింది.

సియాల్దా ఎలాంటి చోటో గుర్తు తెచ్చుకోవాలి. దేశ విభజన తరవాత తూర్పు బెంగాలు నుంచి వచ్చిన శరణార్థులు ఏళ్ళ తరబడి కాపురాలు చేసిన ప్లాట్‌ఫారాలు అవి. ఆ తరవాత కూడా పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చేవారికి ఆ స్టేషను పరిసరాలే తొలి ఆశ్రయం. కాలిబాట మీద పుట్టి కాలిబాట మీద పెరిగే ఆడపిల్లలు ఆ బడి గేటు ముందు నుంచే నిత్యం నడిచిపోయేవారు.

మొదటి మార్పు ప్రవేశాలలో వచ్చింది. అంతకు ముందు పేద పిల్లలు కొద్దిమంది మాత్రమే ఉన్న బడిలో క్రమంగా, సుమారు 1400 మందిలో సగం మంది ఫీజు కట్టనివారో, నామమాత్రంగా కట్టేవారో అయ్యారు. వీరికి వెనక గేటు లేదు. అదే తరగతి, అదే బల్ల, అదే యూనిఫారం. విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులు నాలుగో వంతు సీట్లు పేదలకు ఇవ్వాలని చెప్పడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఒక బడి సగం ఇచ్చింది, బడి మునిగిపోలేదు.

రెండవ మార్పు ఇంకా పెద్దది. 1980లలో రెయిన్‌బో అనే పేరుతో కాలిబాట పిల్లలకు బడి తలుపులు తెరిచారు. ఈ పిల్లలు చిత్తు కాగితాలు ఏరాలి, తమ్ముళ్ళను ఎత్తుకోవాలి, పొట్ట గడుపుకోవాలి. ఉదయం గంట కొట్టగానే వచ్చి సాయంత్రం గంట దాకా కూర్చోవడం వారికి సాధ్యం కాదు. కాబట్టి వారు వీలైనప్పుడు వచ్చి వీలున్నంతసేపు కూర్చోవచ్చు. మరి ఎప్పుడొస్తారో తెలియని పిల్లలకు పాఠం చెప్పేదెవరు? అయిదో తరగతి మొదలుకుని పై తరగతుల విద్యార్థినులు. ఒక పిల్లకు ఒక పిల్ల. ఇది బడి వదిలాక ఇష్టమున్నవాళ్ళు చేసే సంఘసేవ కాదు. టైంటేబులులో చేర్చిన పని. ఆ విధంగా చదువుకుని వయసుకు తగిన తరగతికి సిద్ధమైన పిల్లలను మామూలు బడులలో చేర్చేవారు. రాత్రి పడుకోవడానికి క్షేమమైన చోటు లేని బాలికలు బడి మేడ మీదే ఉండిపోయేవారు.

మూడవది, గురువారం ప్రయాణం. వారం వారం పెద్ద తరగతుల పిల్లలు కొందరు బస్సులెక్కి పల్లె బడులకు పోయి అక్కడి పిల్లలకు పాఠం చెప్పి వచ్చేవారు. నాలుగవది, ఇళ్ళలో పనిచేసే పిల్లలను వెతకడం. విద్యార్థినులు తాము నివసించే వీధులలోనే, తలుపుల వెనక అంట్లు తోముతూ ఉండే తమ ఈడు పిల్లలను పలకరించి, స్నేహం చేసుకుని, వారి సంగతి బడికి తెలియజేసేవారు. వీటికి తోడు, పెద్ద డిగ్రీలు లేని యువతీ యువకులకు తర్ఫీదు ఇచ్చి మురికివాడలకూ పల్లెలకూ ఉపాధ్యాయులుగా పంపే ఏర్పాటు కూడా ఆ బడి చేసింది. 1994లో యునెస్కో అక్షరాస్యతా బహుమానాలలో ఒకటైన నోమా బహుమానం ఈ కృషికి లభించింది. 2007లో సిస్టర్ సిరిల్‌కు భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2011 దాకా ఆమె ఆ బడికి ప్రధానోపాధ్యాయురాలుగా ఉంది.

సంగతులు ఇవి. ఇక వీటి అర్థం. ఏ బడికైనా ఒక ఆదర్శ వాక్యం ఉంటుంది. సాధారణంగా అది లాటిన్‌లోనో సంస్కృతంలోనో ఉండి ఎవరికీ అర్థం కాదు. ఒక బడి దేన్ని విద్య అనుకుంటుందో తెలుసుకోవాలంటే ఆ వాక్యం చదవనక్కరలేదు. టైంటేబులు చూస్తే చాలు. మన బడులలో లెక్కలకు గంట ఉంటుంది; తోటి మనిషికి గంట ఉండదు. గాంధీ జయంతి నాడు చీపుళ్ళు పట్టుకుని ఫోటో తీయించుకుంటాము. మిగిలిన రోజులు పక్క పిల్లను ఓడించడం నేర్చుకుంటాము. సియాల్దా బడి తోటి మనిషికి టైంటేబులులో గంట ఇచ్చింది. పదేళ్ళ పిల్ల, తాను నేర్చుకున్న అక్షరం మరొక పిల్ల చేత దిద్దించనిదే ఆ అక్షరం పూర్తిగా తనది కాదని అనుభవంలో తెలుసుకుంటుంది. జ్ఞానం సొంత ఆస్తి అనే భావానికి ఇంతకంటే గట్టి దెబ్బ మరొకటి ఏమున్నది?

ఈ బడి పోటీని ప్రోత్సహించకపోవడం కూడా ఇందులో భాగమే. వెనకబడిన పిల్లకు సాయం చేసిన అమ్మాయి తన ర్యాంకు పోగొట్టుకునే ఏర్పాటు ఉన్నంత కాలం సాయం చేయమని ఉపదేశించడం మోసం. ఉపదేశం ఒకటి, ఏర్పాటు మరొకటి అయినప్పుడు పిల్లలు ఏర్పాటునే నేర్చుకుంటారు. పరీక్షా ఫలితాలు వచ్చిన మర్నాడు మన తెలుగు పత్రికల మొదటి పుట నిండా ఒకటి, ఒకటి, ఒకటి అని కేకలు పెట్టే కార్పొరేటు కళాశాలల ప్రకటనలు చూస్తున్నాము. ఆ పిల్లల ఫోటోలు తపాలా బిళ్ళలంత ఉంటాయి. సంస్థ పేరు బారెడు ఉంటుంది. పోటీ ఎవరి కోసమో ఆ కొలతలే చెబుతాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, బలమైనదే. పిల్లల చేత పిల్లలకు చదువు చెప్పించడం కొత్త సంగతి కాదు. మన దక్షిణ దేశపు వీధిబడులలో పంతులుగారు పెద్ద పిల్లవాడికి చెబితే, వాడు చిన్నవాళ్ళ చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవాడు. 1789లో మద్రాసు అనాథ శరణాలయానికి వచ్చిన ఆండ్రూ బెల్ అనే ఇంగ్లీషు చర్చి మతాధికారి ఈ పద్ధతి చూసి తన శరణాలయంలో ప్రవేశపెట్టి, 1797లో దాన్ని గురించి లండనులో పుస్తకం అచ్చు వేశాడు. జోసెఫ్ లాంకాస్టరు అక్కడ ఇలాంటి పద్ధతినే తన మార్గంలో నడిపాడు. యంత్రాలు పెరుగుతున్న ఇంగ్లండులో ఒకే ఉపాధ్యాయుడితో వందల మంది కూలివాళ్ళ పిల్లలకు చవకగా కాస్త చదువూ ఎక్కువ విధేయతా నేర్పడానికి అది బాగా ఉపయోగపడింది. కాబట్టి పిల్లల చేత పాఠం చెప్పించడం అనేది దానంతట అది అభ్యుదయకరం కాదు. ఉపాధ్యాయుల ఖర్చు తప్పించుకునే ఉపాయం కూడా కావచ్చు. ఇవాళ ఒప్పంద ఉపాధ్యాయుల పేరిట, వాలంటీర్ల పేరిట ప్రభుత్వాలు చేస్తున్నది అదే కదా అని మిత్రులు అడుగుతారు.

బెల్ పద్ధతికీ సియాల్దా పద్ధతికీ ఉన్న తేడా ఎవరు ఎవరికి చెబుతున్నారన్న దానిలో ఉంది. అక్కడ పేద పిల్లవాడు మరొక పేద పిల్లవాడికి చెప్పాడు. ధనికుల పిల్లలు ఈ ఊసు లేకుండా వేరే బడులలో గ్రీకూ లాటినూ చదువుకున్నారు. వర్గాల మధ్య గోడ ఇటుక కూడా కదలలేదు. ఇక్కడ ఫీజు కట్టే ఇంటి పిల్ల, కాలిబాట పిల్ల పక్కన నేల మీద కూర్చుని, తనకు తెలియని బ్రతుకును ఆ పిల్ల నోట వింటుంది. ఆ పని మిగులు సమయంలో కాక, తన చదువులో భాగంగా చేస్తుంది. అక్షరం ఒకవైపు పోతే అనుభవం రెండో వైపు వస్తుంది. అయితే బెల్ కథ మనకు హెచ్చరికగా ఉండాలి. ఈ పద్ధతిని ఉపాధ్యాయులకు తోడుగా కాక వారికి బదులుగా వాడిన రోజున అది బెల్ పద్ధతే అవుతుంది.

మరొక ఆక్షేపణ: ఇదంతా దయాధర్మం, పేదరికాన్ని పోగొట్టదు, సంపన్నుల అంతరాత్మకు నిద్రమందు వేస్తుంది. దీనిలో సగమే ఒప్పుకుంటాను. నిద్రమందు వేసే దానం దూరం నుంచి ఇచ్చే దానం. తన ఇంట్లో అంట్లు తోముతున్న పదకొండేళ్ళ పిల్లను బడి ఇచ్చిన పని వల్ల మొదటిసారి పేరు పెట్టి పిలిచిన అమ్మాయి ఆ రాత్రి హాయిగా నిద్రపోతుందని నేననుకోను. తన తల్లి వంక ఆమె కొత్తగా చూస్తుంది. ఆ చూపు విప్లవం కాదు. అయినా ఒక బడి చేతనైనంతలో వర్గ స్పృహకు దారి తీసే చూపు అదే. మన సాహిత్యం చేయాలనుకునేది కూడా దాదాపు ఇంతే కదా!

ఒప్పుకునే సగం ఏమిటంటే, పేద పిల్ల ఆ బడిలోకి హక్కుగా రాలేదు; ఒకరి నిర్ణయం వల్ల వచ్చింది. ఆ తలుపు తెరిచినదీ, తెరిచి ఉంచినదీ ఒక మఠకన్య దృఢ సంకల్పం, ఆమె వెనకనున్న సంస్థ అధికారం, సగం మంది కట్టే ఫీజులు, దాతల చందాలు. సంకల్పం మారితే తలుపు మూసుకోవచ్చు. పక్క కాన్వెంటు "మేము అలా చేయలేము" అంటే అడిగే నాథుడు లేడు. నిజానికి ఈ బడి ఎంతో ప్రశంస పొందినా, ఇంగ్లీషు చదువుకు పేరుపొందిన కాథలిక్ బడులలో సగం బల్లలు పేదలకు ఇవ్వడం రివాజు కాలేదు. మెచ్చుకోవడం సులభం, అనుసరించడానికి బల్లలు ఖాళీ చేయాలి.

మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి పక్కన పెట్టి చూస్తే ఈ పరిమితి స్పష్టమవుతుంది. మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరిట ఏర్పడిన ఫౌండేషను శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెలలో బాల కార్మికులను బడిలో చేర్పించే పని చేసింది. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అని వారి సూత్రం. వయసు మీరిన పిల్లలను కొన్ని నెలలు శిబిరాలలో ఉంచి చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. చేర్చింది ఏ బడిలో? ప్రభుత్వ బడిలో. దానితో ఊరు ఊరంతా ఆ బడిని పట్టించుకోవలసి వచ్చింది. టీచరు లేడేమని అడగవలసి వచ్చింది. రెయిన్‌బోలోనూ ఇలాంటి వంతెనే ఉన్నది. కాని గొప్ప బడి ఒకటి మంచిదైతే ఒక వీధి మేలు చూస్తుంది. ప్రభుత్వ బడి మంచిదైతే జిల్లా మేలు చూస్తుంది. తరవాతి కాలంలో రెయిన్‌బో పేరుతోనే హైదరాబాదులో ఏర్పడిన బాలికల వసతి గృహాలు కొన్ని ప్రభుత్వ పాఠశాలల ఆవరణలలోనే నడవడం నాకు అందుకే ముఖ్యమైన సంగతిగా కనిపిస్తుంది. కాన్వెంటు మేడ మీద పుట్టిన ఆలోచన ప్రజల బడి ఆవరణలోకి దిగింది.

ఇక చట్టం సంగతి. కొఠారీ కమిషను 1966లోనే అన్ని వర్గాల పిల్లలూ ఒకే ఇరుగుపొరుగు బడిలో చదివే ఉమ్మడి పాఠశాలా విధానాన్ని సిఫారసు చేసింది. 1968 జాతీయ విద్యా విధానం దాన్ని కాగితం మీద అంగీకరించింది; కాగితం మీదే ఉంచింది. 2009 విద్యాహక్కు చట్టం ఉమ్మడి బడిని వదిలి, ప్రైవేటు బడులలో నాలుగో వంతు సీట్లతో సరిపెట్టుకుంది. 2012లో సుప్రీంకోర్టు ప్రభుత్వ సహాయం పొందని మైనారిటీ బడులను ఆ చట్టం నుంచి మినహాయించింది. 2014లో ఆ చట్టం మైనారిటీ బడులకు వేటికీ వర్తించదని చెప్పింది. 2025లో ఆ కోర్టులోనే ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ తీర్పు సరైనదేనా అని సందేహించి, పెద్ద ధర్మాసనం పరిశీలనకు నివేదించింది.

ఇక్కడ మనం జాగ్రత్తగా మాట్లాడాలి. రాజ్యాంగం 30వ అధికరణం కింద మైనారిటీలకు ఉన్న హక్కు మెజారిటీ మతోన్మాదం పెచ్చుపెరిగిన ఈ రోజులలో ప్రాణంతో సమానం. మఠకన్యల మీద మతమార్పిడి నింద వేసి దాడి చేసేవారి గొంతుతో మన గొంతు కలవకూడదు. వారికి కావలసింది పేద పిల్లకు బల్ల కాదు, మైనారిటీలకు భయం. కాని హక్కు ఎందుకిచ్చారన్న ప్రశ్న అడగక తప్పదు. తమ మతాన్నీ సంస్కృతినీ నిలుపుకునేందుకు ఇచ్చిన రక్షణను, కాలిబాట పిల్లను గేటు బయట ఉంచడానికి వాడుకుంటే ఆ రక్షణ ఆ మతం పేదలకే పనికిరాదు. మైనారిటీ సంస్థ అయివుండి, ఏ చట్టం బలవంతపెట్టకుండా, సగం బల్లలు ఇచ్చిన బడి ఒకటి సియాల్దాలో ఉన్నదన్నదే "మేము చేయలేము" అనేవారికి చాలినంత జవాబు.

చివరగా, మనకు చేదుగా ఉండే మాట. సిస్టర్ సిరిల్ ఆ బడిని నడిపిన 1979 నుంచి 2011 దాకా బెంగాలును పాలించింది ఎవరు? వామపక్ష ప్రభుత్వం, 1977 నుంచి అదే 2011 దాకా. భూమి విషయంలో ఆ ప్రభుత్వం చేసిన మేలు కాదనలేనిది. విద్యలో ఫీజులు తీసేసింది, బడులు పెంచింది. ప్రాథమిక తరగతులలో ఇంగ్లీషును 1980ల తొలి సంవత్సరాలలో తొలగించింది. చిన్న పిల్లలకు మాతృభాషలో చదువు అన్న సూత్రం సరైనది; నేటికీ నేను దానికి కట్టుబడే ఉన్నాను. కాని ఆ సూత్రం ప్రభుత్వ బడి పిల్లలకు వర్తించింది. కాన్వెంటు పిల్లలకు వర్తించలేదు. ఉద్యోగాల భాష మారలేదు. దానితో ఇంగ్లీషు నేర్పే కాన్వెంటుకు గిరాకీ పెరిగింది. చివరకు 2004లో ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషును తిరిగి తేవలసి వచ్చింది. రెండు రకాల బడులను అలాగే ఉంచి ఒకదాన్ని మాత్రమే సంస్కరిస్తే సంస్కరణ ఫలం రెండవదానికి పోతుంది. గోడను కదిలించే పని ప్రభుత్వాధికారం చేతిలో ఉన్న మనవాళ్ళు చేయలేదు; శిలువ ధరించిన ఒక మఠకన్య తన ఆవరణ మేరకు చేసింది. దీన్ని ఒప్పుకోవడం వల్ల మన సిద్ధాంతానికి లోటు రాదు, ఒప్పుకోకపోతే వస్తుంది.

ఇంత రాసి నా సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు. నేను ముప్పై ఏళ్ళు ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పాను. ఉమ్మడి పాఠశాల కావాలని సభలలో తీర్మానాలు చదివాను. నా కూతుర్ని మాత్రం కాన్వెంటులో వేశాను. ఏదో ఒక సాయంత్రం అది నన్ను, "నాన్నా, మీ బడి మంచిదేనా?" అని అడిగింది. మంచిదే అన్నాను. "మరి నన్నెందుకు వేయలేదు?" అన్నది. ఆ ప్రశ్నకు నేను అప్పుడు ఇంగ్లీషు, భవిష్యత్తు, మీ అమ్మ పట్టుదల అని ఏవేవో చెప్పాను. ఆ ప్రశ్న నా ఒక్కడిది కాదని, ఈ పత్రిక చదివే ఉపాధ్యాయ మిత్రులలో చాలామంది ఇళ్ళలో ఉన్నదని నాకు తెలుసు. ముందు గేటు లోపల మన పిల్లలను వదిలి, వెనక గేటు దగ్గర నిలబడి ఉపన్యాసం ఇస్తున్నాము.

కాబట్టి చేయవలసిన పని కాన్వెంటును తిట్టడమూ కాదు, సియాల్దాను చూసి చేతులు జోడించడమూ కాదు. అక్కడ పుట్టిన పద్ధతిని, అంటే నేర్చినది పంచడం చదువులో భాగమనే పద్ధతిని, ర్యాంకు కంటే పక్క పిల్ల ముఖ్యమనే పద్ధతిని, మన ప్రభుత్వ బడుల టైంటేబులులోకి తేవాలి. చాలినంతమంది ఉపాధ్యాయులతో సహా తేవాలి. మైనారిటీ హక్కును కాపాడుతూనే ప్రతి కాన్వెంటునూ సగం బల్లల సంగతి అడగాలి. ఉపాధ్యాయ సంఘాలు తమ సభ్యుల పిల్లలు ఏ బడిలో చదవాలన్న ప్రశ్నను కార్యక్రమ పత్రంలో మొదటి అంశంగా పెట్టాలి. విద్యార్థి మిత్రులు వారానికి ఒక గంటతోనైనా మొదలుపెట్టవచ్చు. దానికి ఏ పోపు అనుమతీ, ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అవసరం లేదు.